ఏడో వరసలో తెల్ల బోటు

ఆ బోటు యార్డులో ఏడు వరసలున్నాయి. ఆరో వరస దాకా ఎవరైనా వెళ్తారు, చీకటి పడ్డాక కూడా. ఏడో వరసకి మాత్రం... పట్టపగలైనా మేస్త్రీలు ఇద్దరిద్దరుగా వెళ్ళేవారు.

ఆ వరసలో ఉన్నది ఒకే ఒక్క బోటు. ముప్పై రెండు అడుగుల పాత మోటారు బోటు. ఇనప స్టాండ్ల మీద, మనిషికి రెండింతల ఎత్తున, ముక్కు సముద్రం వైపు పెట్టి నిలబడి ఉండేది. ఒకప్పుడు తెల్లనిదే. ఎండకీ వానకీ పెచ్చులూడిపోయి, దూరం నుంచి చూస్తే కుష్టు పట్టినట్టుండేది.

దాని కేబిన్లో ఒక రాత్రి గడిపినవాడెవడూ రెండో రాత్రి గడపలేదు.

ఈ సంగతి నాకు చెప్పింది మా బావ. మేనత్త కొడుకు, పైగా మా అక్క మొగుడు. బోట్లకి వైరింగ్ చేస్తాడు. అబద్ధాలాడడని కాదు... ఆడతాడు, మా అక్క దగ్గర రోజుకి రెండైనా ఆడందే ముద్ద దిగదు. కానీ ఇది చెప్పేటప్పుడు ఆయన మొహంలో నవ్వు లేదు. చెప్పినంతసేపూ వీధి తలుపు వైపు వీపు పెట్టి కూర్చోలేదు కూడా.

పధ్నాలుగేళ్ల కిందట ఆ బోటు ఓనరు సముద్రం అడుగున పోయాడు. గజ ఈతగాడు. పైన కంప్రెసరు తిరుగుతుంటే, దాని నుంచి వచ్చే గాలి గొట్టం నోట కరుచుకుని లోతుకి దిగేవాడు. మునిగిన లంగర్లు తీసేవాడు, మనిషంత చేపల్ని పొడిచి తెచ్చేవాడు. ఒకరోజు దిగాడు. పైకి శవం వచ్చింది.

గొట్టం తెగలేదు. కంప్రెసరు ఆగలేదు. మరెలా పోయాడు?

ఊపిరాడక పోయాడని కాగితం రాసిచ్చేశారు. ఎందుకాడలేదో ఎవరూ రాయలేదు. పైన కూర్చుని గొట్టాన్ని కనిపెట్టుకుని ఉండాల్సినవాడు ఒకడున్నాడు. తప్పంతా పోయి వాడి నెత్తిన పడింది. తాగి నిద్రపోయాడన్నారు. నిద్రపోలేదని వాడు మొత్తుకున్నా వినేవాడేడీ? ఆ తర్వాత ఏ బోటువాడూ వాణ్ణి మెట్టు ఎక్కనివ్వలేదు. చివరికి ఆ యార్డులోనే గేటు కాపలాకి చేరాడు. అసలు పేరు పోయింది. అందరికీ వాడు ‘నిద్రమొహం’.

బోటుని తర్వాత ముగ్గురు కొన్నారు. ఒకడు రాత్రి పని చేస్తూ తల పగిలిపోతోందని వాంతులు చేసుకుంటూ దిగాడు. ఇంకొకడు, ఎదుటి బల్ల మీద ఎవరో కూర్చుని తననే చూస్తున్నారని కెవ్వుమన్నాడు. మూడోవాడు పడుకుంటే గుండెల మీద ఎవరో ఎక్కి తొక్కారట. ముగ్గురూ వచ్చిన ధరకి వదిలించుకున్నారు.

నాలుగోసారి కొన్నది ఒక ఆడమనిషి.

చచ్చిపోయినవాడి చెల్లెలు.

ఆమెదీ అన్న వృత్తే. ఓడల అడుగున అంటుకున్న నత్తగుల్లలు గీకే పని నుంచి మొదలుపెట్టి సొంత గాలి సిలిండర్లు కొనుక్కునేదాకా వచ్చింది. యార్డులో అందరూ ‘ఈతక్క’ అనేవారు. ఎదుట గౌరవంగా, వెనకాల వెటకారంగా. “అన్నని మింగిందాన్ని ముస్తాబు చేస్తోంది” అని రంగు మేస్త్రీ బ్రష్షు కింద పడేసి వెళ్ళిపోయాడు. యార్డు యజమాని అద్దె ఒకటిన్నర రెట్లు చేశాడు. వడ్రంగి బయానా వెనక్కిచ్చి మొహం చాటేశాడు.

ఆమె ముక్కుకి గుడ్డ కట్టుకుని తానే దిగింది. కుళ్ళిన డెక్కు కోసి పారేసింది. లోపల నీళ్ళు తాగి ఉబ్బిన ఫోమంతా చేత్తో గీకి, కొత్త ప్లైవుడ్ పరిచి, మూడు పొరలు ఫైబరు వేసింది. పాత ఇంజన్లు తీయించి కొత్తవి పెట్టించింది. సిలిండర్లు దొర్లకుండా స్టాండు, వెనక వైపు నీళ్ళలోకి దిగే నిచ్చెన, చేపలకి ఐసు పెట్టె, గాలాల కర్రలు నిలబెట్టే గొట్టాలు... రెండేళ్ళు పట్టింది. పాత సామాన్లలో ఆమె ఉంచుకున్నది ఒక్కటే. డెక్కు కింద పెట్టెలో ఉన్న చిన్న పెట్రోలు జనరేటరు. తాడు ఒక్క లాగు లాగితే చాలు, స్టార్టయ్యేది. దాని పొగ గొట్టానికి మందంగా గుడ్డ చుట్టి, పైన వెండి రంగు వేసి ఉంది. చూడ్డానికి లక్షణంగా ఉంది. మంచిది ఎందుకు పారెయ్యాలి?

వైరింగుకి మాత్రం మనిషి కావాలి. ఎవరూ రాలేదు. మా బావ వెళ్ళాడు. ధైర్యం కాదు, మొండితనం. ఎవరైనా “వద్దు” అంటే ఆయనకి అదే పిలుపు.

మొదటిరోజే గేటు దగ్గర నిద్రమొహం ఆపాడు.

“పగలు చేసుకో. రాత్రి మాత్రం ఆ కేబిన్లో ఉండకు.”

మా బావ నోరు తెరిచేలోపు వెనక నుంచి ఈతక్క గొంతు వినిపించింది.

“నీ సలహా ఎవడడిగాడు? నిద్రపోయేవాళ్ళు గేట్లకే పనికొస్తారు. తియ్ గేటు.”

వాడు గేటు తీశాడు. ఆమె కళ్ళలోకి చూస్తూ తీశాడు. ఆ చూపు చూసి, ఇద్దరిలో ఎవరికి ఎవరి మీద కసి ఎక్కువో తెలియలేదంటాడు బావ.

పగలంతా ఆరో వరస నుంచి వైరు లాక్కుని పని చేసుకునేవారు. సాయంత్రం ఆరింటికి యార్డులో కరెంటు కట్టేస్తారు. కట్టెయ్యగానే సామాను సర్దుకుని దిగిపోయేవారు. నెల రోజులు ఏ గొడవా లేదు.

ఆ రోజు మాత్రం కుదరలేదు. తెల్లారి పోటుకి బోటు నీళ్ళలోకి దింపాలి. క్రేను మాట్లాడేశారు, ఆ పోటు తప్పితే మళ్ళీ పదిహేను రోజులు. అడుగున చేరే నీళ్ళు తోడే పంపుకి ఇంకా కనెక్షను ఇవ్వలేదు. పైగా ఫ్యూజుల పెట్టె ఒకటి పగిలింది.

“నేను కొట్టువాణ్ణి ఇంటి దగ్గర పట్టుకుని పెట్టె తెస్తాను. గంటలో వస్తా” అంది ఈతక్క. “జనరేటరు వేసుకుని నువ్వు పంపు పని కానివ్వు తమ్ముడూ.”

“వెళ్ళిరా అక్కా. దెయ్యం వస్తే వైరు పట్టుకోమంటాలే.”

ఆమె నవ్వలేదు. వెళ్ళిపోయింది.

బావ జనరేటరు వేశాడు. కేబిన్లో బల్బు వెలిగింది. కాసేపటికి వాన... ముందు చినుకులు, తర్వాత కుండపోత. జల్లు లోపలికి కొడుతోందని తలుపు వేసేశాడు. పైన మూత కూడా లాగేశాడు.

ఇక లోపల ఆయనా, బల్బూ, డెక్కు కింద జనరేటరు గురకా.

పావుగంట గడిచింది. కణతల దగ్గర చిన్నగా పోటు మొదలైంది. పొద్దున్నుంచీ తిండి లేదు కదా, అదే అనుకున్నాడు. ఎర్ర తీగ ఎక్కడ పెట్టాలో నల్ల తీగ పెట్టాడు. పీకాడు. మళ్ళీ అక్కడే పెట్టాడు. ఇరవయ్యేళ్ళుగా చేస్తున్న పని... వేళ్ళు తనవి కానట్టున్నాయి.

అప్పుడు వినిపించింది.

ఊపిరి.

గొట్టంలోంచి పీల్చి వదులుతున్నట్టు... హుస్... హుస్... తన ఊపిరి బిగబట్టి విన్నాడు. అది ఆగలేదు.

బల్బు చుట్టూ పచ్చగా వలయం తిరుగుతోంది. దాని వెనక, ఎదుటి బల్ల మీద... ఎవరో కూర్చున్నారు.

నల్లటి డైవింగ్ సూటు. మొహానికి మాస్కు. అద్దం లోపల కళ్ళు కనిపించడం లేదు, నీళ్ళు. మాస్కు నిండా నీళ్ళు ఊగుతున్నాయి. కళ్ళు లేకపోయినా ఆ మొహం తనని చూస్తోందని తెలుస్తోంది. ఎలాంటి చూపంటే... ఇది నా బోటు, నువ్వెవడివిరా అన్నట్టు.

లేవబోయాడు. కాళ్ళు మాట వినలేదు. గుండెల మీద బస్తా వేసినట్టు బరువు. అరిచాడు. ఒక్క అరుపు. అది బయటికెళ్ళిందో, గొంతులోనే ఉండిపోయిందో తెలియదు.

బల్ల మీది మనిషి లేచాడు. మీదికి వంగాడు. నీళ్ళు... చల్లగా బావ మెడ మీద పడ్డాయి.

తర్వాత చీకటి.

కళ్ళు తెరిచేసరికి వాన మొహం మీద పడుతోంది. వెల్లకిలా పడుకుని ఉన్నాడు, బురదలో, నిచ్చెన కింద. పైన జనరేటరు ఇంకా తిరుగుతూనే ఉంది. ఈతక్క ఆయన చెంపలు వాయిస్తోంది.

“ఊపిరి తీసుకో... గట్టిగా... తియ్యరా!”

“అక్కా... ఉన్నాడు. మీ అన్న... పైన ఉన్నాడు.”

ఆమె టార్చి ఆయన మొహం మీద వేసింది. పెదాలు చూసింది. కనురెప్ప ఎత్తి చూసింది.

“తలపోటా?”

“పగిలిపోతోంది.”

“వాంతి వస్తోందా?”

బావ పక్కకి తిరిగి కక్కేశాడు. ఆమె ముఖం మారిపోయింది. భయం కాదంటాడు బావ. లెక్క కుదిరినవాళ్ళ మొహం అలా ఉంటుందట. గుండెల నిండా గాలి పీల్చి, ఊపిరి బిగబట్టి, నీళ్ళలోకి దిగినట్టే నిచ్చెన ఎక్కింది. జనరేటరు ఆగిపోయింది. తలుపులన్నీ బార్లా తెరుచుకున్న చప్పుడు. మళ్ళీ కిందికొచ్చాకే ఊపిరి వదిలింది.

“దెయ్యం కాదు,” అంది. “పొగ. వాసన కూడా సరిగ్గా తెలియని పొగ. పాడు గాలి పీల్చినవాళ్ళని నీళ్ళ అడుగున చూశాను నేను. లేనివి కనిపిస్తాయి వాళ్ళకి.”

గేటు గడియ లోపలి నుంచి తానే తీసి, బావని ఆసుపత్రికి తీసుకెళ్ళింది. రాత్రంతా ముక్కుకి ఆక్సిజన్ పెట్టారు. ఇంకో పది నిమిషాలు ఆ గదిలో ఉంటే దక్కేవాడు కాదన్నారు. తెల్లవారుజామున లేచి కూర్చుని, వద్దన్నా వినకుండా ఆమె వెంట యార్డుకి పోయాడు.

ఈతక్క క్రేను వెనక్కి పంపేసింది. జనరేటరు పెట్టె తెరిచి, పొగ గొట్టం మీద చుట్టిన గుడ్డ బ్లేడుతో కోసింది.

గొట్టం జానెడు మేర పగిలి ఉంది. పగులు మీద డబ్బా రేకు కత్తిరించి చుట్టి, తీగతో బిగించారెవరో. రేకు ఎప్పుడో వదులైపోయింది. దానికి బెత్తెడు దూరంలో నాలుగు బోల్టుల కన్నాలు.

“ఇక్కడే ఉండేది కంప్రెసరు, ఈ జనరేటరు మీదే తిరిగేది,” అంది ఈతక్క. “గాలి ఇక్కణ్ణుంచే లాగేది. ఈ గాలే మా అన్న నోట్లోకి పోయింది.”

బావకి ఒళ్ళు మండిపోయింది. “ఎవడక్కా ఆ పని చేసింది? ఏ మెకానిక్కు? పేరు చెప్పు, పోయి వాడి...”

ఆమె తీగ మెలిక మీద వేలు పెట్టింది. లోకమంతా తీగని కుడి వైపు మెలేస్తుంది. అది ఎడమ వైపు తిరిగి ఉంది.

“మా అన్నది పుర్రచేతివాటం,” అంది.

ఆ మాటన్నాక చాలాసేపు ఆ పెట్టె ముందే చతికిలబడి కూర్చుందట. పధ్నాలుగేళ్ళు ఒక మనిషిని తిట్టుకుంటూ బతికింది. ఆ కోపంతోనే లోతుకి దిగింది, ఆ కోపంతోనే బోటు కొంది. ఇప్పుడు దాన్ని ఎక్కడ దింపాలి?

లేచింది. రేకు చేత్తో పట్టుకుని గేటు దగ్గరికి నడిచింది. బావ వెనకాలే వెళ్ళాడు.

నిద్రమొహం గేటు గది కిటికీలో కూర్చుని ఉన్నాడు. రాత్రంతా మేలుకున్నట్టు కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఆమె రేకు కిటికీ గట్టు మీద పెట్టింది.

“తప్పు నీది కాదు. మా అన్నదే. పొగ గొట్టం పగిలితే మార్చకుండా రేకు చుట్టాడు. ఆ పొగే పీల్చాడు.”

వాడు రేకు ముట్టుకోలేదు.

“ఆ రోజే చెప్పాను. మేలుకునే ఉన్నానని. గాలి గొట్టం లాగితే బదులు రాలేదని, నీళ్ళలోకి దూకి నేనే పైకి తెచ్చానని. శవం ముందు నువ్వు నా మొహాన ఉమ్మేశావు.”

“ఉమ్మాను.”

“నా పెళ్ళాం చూస్తుండగా.”

“...ఏం చెయ్యమంటావో చెప్పు. చేస్తాను.”

“నా కిటికీ ముందు నుంచి అవతలికి పో.”

ఆమె తల దించుకుంది. వెళ్ళబోయి ఆగింది.

“పోతాను. కానీ నిన్న రాత్రి వీణ్ణి కిందికి దించి బతికించావు. అదొక్కటీ...”

వాడు నవ్వాడు. పెదాలు విడిపోయాయంతే, నవ్వనిపించలేదు.

“నేనా? నేను దించలేదు.”

“నువ్వు కాకపోతే ఇంకెవరు? యార్డులో ఇంకెవరున్నారు?”

“అరుపు విన్నాను. పోతే పోనీ అనుకున్నాను. మీ అన్న కోసం దూకితే నాకేం ఒరిగింది? ఐనా... పాడు కాళ్ళు, ఆగలేదు. టార్చి తీసుకుని ఆరో వరస దాకా వచ్చాను.” వాడి గొంతు తగ్గింది. “అక్కడి నుంచే వెనక్కి తిరిగాను. గదిలోకొచ్చి గడియ పెట్టుకున్నాను. తెల్లారేదాకా తియ్యలేదు. నువ్వొచ్చి గేటు తట్టినా తియ్యలేదు, గోడ దూకి లోపలికి పోయావు, గుర్తుందా?”

“ఎందుకు వెనక్కి తిరిగావు?” ఈసారి అడిగింది మా బావ.

నిద్రమొహం మొదటిసారి ఆయన వైపు చూశాడు. కిటికీ రెక్క మీద చెయ్యి వేసి, మూసేముందు మెల్లగా అన్నాడు...

“లోపల నువ్వొక్కడివే ఉన్నావని నాకు తెలుసు. నిచ్చెన మీంచి... ఇద్దరు దిగారయ్యా.”