పసుపు గోడకు ఎరుపు

బొమ్మల మాస్టారు కత్తిసాము గదిలో చచ్చిపడి ఉన్నాడు. గొంతులో సాధన కత్తి. ప్రమాదమని రాసుకున్నారు.

వారం తిరగ్గానే ఆయన కుర్చీలో వెర్దాక్ కూర్చున్నాడు. షాంప్లీ సైనిక పాఠశాలకి కొత్త బొమ్మల మాస్టారు. పారిస్‌లో మంత్రికి మాత్రం ఏజెంట్ పదకొండు. ఆర్డర్ చిన్నదే. మోర్వాల్ కోట ప్లాన్ సరిహద్దు దాటకూడదు.

ఆ కోటకి దక్షిణం గోడ ఇంకా కట్టలేదు. లోపల ఆరువందల మంది సిపాయిలు. వాళ్లలో ఒకడు వెర్దాక్ కొడుకు. ఆ సంగతి ఆర్డర్లో లేదు.

ప్రభువుల పిల్లలకి ఇక్కడ నిజం కోటల ప్లాన్లే ఇచ్చి గీయిస్తారు. కట్టిన గోడకి ఎరుపు, కట్టబోయేదానికి పసుపు. మొదటి బహుమతి బొమ్మని ఇంటివాళ్లకి ఇచ్చెయ్యడం ఆనవాయితీ. ఈసారి బహుమతి గస్పార్‌ది. పదమూడేళ్లవాడు. మోర్వాలే గియ్యమని పట్టుబట్టింది మేనత్త కౌంటెస్ ఓడిల్ అని వాడే చెప్పాడు.

వెర్దాక్ కోడ్‌లో కబురు పంపాడు. ఆవిడ మన గూఢచారే, జోలికి పోవద్దని జవాబొచ్చింది. ఆవిడ రెండు వైపులా జీతం తింటోందని మంత్రికి తెలీదు.

బహుమతులు మధ్యాహ్నం పన్నెండుకి. పావు తక్కువ పన్నెండుకి వెర్దాక్ పసుపు గోడ మీద రెండు పూతలు ఎరుపు వేశాడు. నోటితో ఊది ఆరబెట్టాడు.

కౌంటెస్ రాగానే హాలంతా అటు తిరిగింది. ఆవిడ బొమ్మ అందుకుని దక్షిణం వైపే చూసింది.

"ఇదంతా కట్టేశారా మాస్టారూ?"

"కట్టేశారమ్మగారూ."

గస్పార్ మెడ చాచాడు. "అత్తా, నేనక్కడ పసుపు..."

"కెడెట్, నిన్నెవరైనా అడిగారా?" అని గద్దించాడు వెర్దాక్.

పిల్లాడు మడమలు కలిపి నిలబడ్డాడు. మొదటి ఏడాదంతా నేర్పేది అదే.

"నేనడుగుతున్నాను. పసుపేంట్రా?" అంది కౌంటెస్.

"తప్పు రంగేశాడండి. దిద్దాను," అన్నాడు వెర్దాక్. "కాదంటే చెప్పమనండి. బహుమతి పక్కవాడికిస్తాం."

గస్పార్ చెవులు ఎర్రబడ్డాయి. పక్కవాడి వైపు చూశాడు. "తప్పు నాదే అత్తా," అన్నాడు.

ఆవిడ బొమ్మ చుట్టి బండెక్కింది.

వసంతంలో శత్రువు ఫిరంగులు మోర్వాల్ ఉత్తరం గోడని పంతొమ్మిది రోజులు కొట్టి వెనక్కి పోయాయి. దక్షిణం వైపు ఒక్క గుండు పడలేదు. కొడుకు జాబు రాశాడు. ఇక్కడ వానలు, మేజోళ్లు పంపు అని.

అప్పటికి వెర్దాక్ షాంప్లీలో లేడు. గస్పార్ ఫిర్యాదు మీద ఉద్యోగం తీసేశారు. కాగితంలో కారణం కూడా రాశారు: మాస్టారికి ఎరుపుకీ పసుపుకీ తేడా తెలియదు.