గీత తిన్నగానే ఉంది

ఆ ల్యాబ్‌లో అందరూ ‘రాగి గది’ అని పిలిచే గదికి కిటికీల్లేవు. గోడలు, కప్పు, తలుపు అన్నిటికీ రాగిరేకే. ఆకాశం నుంచి వచ్చే సన్నని రేడియో హోరును వినే రిసీవర్లను అక్కడ పరీక్షిస్తారు. ఫోన్లు, వాచీలు గుమ్మం పక్కనున్న ట్రేలో పెట్టి వెళ్లాలి. బల్బు వెలిగినా రిసీవరుకు అది రొదే కాబట్టి, పట్టపగలైనా లోపల లైటార్పేయాల్సిందే.

పదిహేడో నంబరు రిసీవరుతో ఆమె లోపలికి వెళ్లేసరికి ఉదయం పదకొండైంది. డిజైను ఆమెది, సోల్డరింగ్ బాబాయిది. సొంత బాబాయే. చెవుడు కాస్త ఎక్కువ, కబుర్లు అంతకంటే ఎక్కువ. ఈ పదిహేడోదే ఆయన చేతి చివరి పని.

రెండు నెలల కిందట, మూడు రోజుల సెలవులకు ముందు, ఆ తలుపుకు బయట గడియ పెట్టింది ఆమే. నిబంధనలు ఎన్నున్నా, లోపలికెళ్లే వాళ్లెవరైనా జేబులో ఫోనో వాచీయో మరిచిపోతారు. అప్పుడు లోపలి రేడియో రొదను చూపే బయటి తెర మీద గీత పైకి లేస్తుంది. గీత తిన్నగా ఉంటే గది ఖాళీ అని అక్కడ అందరి లెక్క. ఆ రోజు గీత తిన్నగానే ఉంది. నిబంధనను తూచా తప్పకుండా పాటించేది బాబాయి ఒక్కడే. చెవి మిషన్ కూడా తీసి ట్రేలో పెట్టి, లైటు కూడా ఆర్పి, బల్ల కింద దూరి చీకట్లోనే తీగ బిగిస్తున్నాడు. గాలి ఆడని గదిలో మూడు రోజులు.

“పిలిచాను పిన్నీ, పలకలేదు” అని చెప్పిందామె. పిలవనే లేదు. ఆ ఒక్క అబద్ధం ఆమెను లోలోపల తినేస్తోంది.

ఆ తర్వాత తలుపుకు లోపలి నుంచి కూడా తెరుచుకునే పిడి పెట్టించారు.

ఇప్పుడు లోపల ఆమె రిసీవరుకున్న యాంటెన్నా తీగ ఊడదీసి, ఆ చోట మూత బిగించింది. మూత పడితే రిసీవరుకు తన హోరు తప్ప ఇంకేదీ వినపడకూడదు. లైటార్పి హెడ్‌ఫోన్స్ పెట్టుకుంది. సన్నగా హోరు. కాలిన సోల్డరు వాసన. ఇవాళ ఎవరూ సోల్డరింగ్ చెయ్యలేదే...

టక్. టక్.

సోల్డరింగ్ కడ్డీని స్టాండుకేసి రెండుసార్లు కొట్టడం బాబాయి అలవాటు.

మూత తడిమి చూసింది. బిగుతుగానే ఉంది.

“అమ్మడూ...”

రిసీవరు ఆపేసింది. హోరు ఆగిపోయింది. గొంతు మాత్రం ఆగలేదు.

“ఆ రోజు పిలిచావటగా... మీ పిన్ని చెప్పుకుని ఏడ్చింది. నాకు వినపడలేదమ్మా. తప్పు నాదేలే.”

“లేదు బాబాయ్... నేను పిలవలేదు. అబద్ధం చెప్పాను.”

“ఆఁ? ఏంటమ్మా?”

“పిలవలేదు బాబాయ్!”

“వినపడట్లేదే... మిషన్ బయట పెట్టొచ్చాగా. కాస్త గట్టిగా చెప్పు...”

గొంతు పగిలేలా అరిచింది. పదేపదే అరిచింది. ఆ గదిలో ఎంత అరిచినా బయటికి వినపడదు. ఆ సంగతి ఆమె కంటే బాబాయికే బాగా తెలుసు.

“వినపడట్లేదమ్మా...”

పిడి తిప్పి బయటికొచ్చి పడింది. తలుపు వెనకాలే మూసుకుంది. తెర ముందున్న తోటి ఇంజనీరు తలెత్తి నవ్వాడు.

“కంగ్రాట్స్! ఇందాకట్నుంచీ చూస్తున్నాను, గీత తిన్నగానే ఉంది. మీ బాబాయి పని బాబాయి పనే.”

ఆమె ఫోను కోసం ట్రేలో చెయ్యి పెట్టింది. ఫోను పక్కన చెవి మిషన్ ఉంది. పిన్ని బీరువాలో పెట్టి తాళం వేసుకున్న మిషన్. ఇప్పుడే ఎవరో చెవిలోంచి తీసి పెట్టినట్టు గోరువెచ్చగా ఉంది.

వెనక, ఖాళీ గదిలో, కొత్త పిడి తిరుగుతున్న చప్పుడు. తిరుగుతూనే ఉంది. తలుపు మాత్రం తెరుచుకోవడం లేదు.