గోరింటాకు పండిన నెల

అక్టోబరు పదిహేడో తేదీ అనగానే సంహితకు ఇప్పటికీ కట్లెట్ వాసన తగులుతుంది. ఆ మధ్యాహ్నం పంజగుట్ట మెట్రో మెట్ల కింద ఆమె చేతికి ప్లేటు రాగానే, క్లాస్‌మేట్ విజయేందర్ అందులో సగం నోట్లో వేసుకున్నాడు.

"ఏయ్, అది నాది!"

"నువ్వెట్లైనా తినవు. పొద్దుగాల్నించి ఏడ్సుడే సరిపోయె."

"నువ్వొచ్చింది ఓదార్చడానికా, తినడానికా?"

"రెండిటికి సుత."

ఏడవక ఏం చేస్తుంది? హాజరు చాలలేదని కాలేజీ ఆమె ఫీజు రాయితీ తీసేసింది. అప్పీలు వినేది ఈరోజే. అదీ పోతే అమీర్‌పేట హాస్టల్ ఖాళీ చేసి భీమవరం రైలెక్కడమే.

గంట తర్వాత కాలేజీలో, తన గదిలో ప్రిన్సిపాల్ హనుమత్ప్రసాద్ గారు కళ్లద్దాలు సర్దుకున్నారు. "ఆషాఢమంతా నువ్వు దాదాపు రాలేదమ్మా. హాజరు మెషీన్ అలాగే చూపిస్తోంది."

"రోజూ వచ్చాను సార్! వేళ్లకు గోరింటాకు టోపీలు పెట్టుకున్నాను. మెషీన్ నా వేలిముద్ర గుర్తుపట్టలేదు. కీచుమంటే పడిందనుకున్నాను."

"నెలంతా పెట్టుకున్నావా?"

"వెలిసినప్పుడల్లా సార్." సంహిత తల దించుకుంది. "మా అమ్మమ్మకు ఫోన్లో చూపించాలి."

"సరే, వచ్చావని ఎవరు చెబుతారు?"

తలుపు దగ్గర నిలబడ్డ విజయేందర్ చెయ్యెత్తాడు. "నేను చెప్త సార్. ఆమె ఎనక బెంచి నాది. వాన పడ్డ రోజు నీలం గొడుగు నా బూట్ల మీదనే దులిపింది. సుకన్య మేడం క్లాసుల బోర్డు మీద తప్పు లెక్క చేసి నాలుక కర్సుకుంది. ఎల్లమ్మ కల్యాణం నాడు సుత వచ్చింది. ఆ దినం క్లాసుల నలుగురమే ఉంటిమి."

"మీ ఇల్లు ఆ గుడున్న బల్కంపేటే కదయ్యా? ఆ రోజు ఇంటినిండా చుట్టాలుంటారు. కల్యాణం వదిలేసి క్లాసుకెందుకొచ్చావు?"

విజయేందర్ చెవులు కందిపోయాయి.

"ఆమె వస్తదని, సార్."

ప్రిన్సిపాల్ పక్కన కూర్చున్న సుకన్య మేడం దొంగదగ్గు దగ్గి, "ఆ తప్పు లెక్క నాకూ గుర్తుంది సార్. అమ్మాయి వచ్చింది" అన్నారు.

హనుమత్ప్రసాద్ గారికి నవ్వాగలేదు. "రాయితీ తిరిగిస్తున్నాం తల్లీ. ఇతగాడి అప్పీలు మాత్రం నువ్వే వినాలి."

చీకటి పడ్డాక తుంపరలో ఇద్దరూ అమీర్‌పేట దాకా నడిచారు. సంహిత రెండడుగులు ముందే నడిచింది. హాస్టల్ ముందుకు వచ్చాక విజయేందర్ గొంతు సవరించుకున్నాడు.

"కోపమొచ్చిందా? జర తిట్టన్న తిట్టు."

"రేపట్నుంచి వెనక బెంచీ వద్దు."

అతని మొహం వాడిపోయింది. "సరే, మార్త."

"పక్కన కూర్చో." ఆమె నవ్వు దాచుకోలేకపోయింది. "ఇన్నాళ్లూ నా జడే చూశావు కదా, ఇక మొహం కూడా చూడు."

"అంటే... అప్పీలు?"

"ఒప్పుకున్నాను, మొద్దూ!"

హాస్టల్ ఆంటీ రుద్రమ్మ రోజూ వేళ దాటితే చాలు, తలుపు దడాలున వేసేది. ఆ రాత్రి మాత్రం గొళ్లెం మీద చెయ్యి పెట్టుకుని, వీధి చివర అతను మళ్లీ వెనక్కి తిరిగి చూసేదాకా ఆగింది. సంహిత లోపలికొచ్చాక చప్పుడు కాకుండా తలుపు చేరవేసింది.