ఖర్జూర మట్టల కంచె అవతల

"ఆక్టోపస్ గుడ్లు పెట్టింది." చెవిలోని రేడియోలో కర్నల్ గొంతు వినిపించింది.

పడవలో జాలరి వేషంలో ఉన్న ఏజెంట్ జుహైర్ మోటారు పిడి అందుకున్నాడు. ఆ కోడ్‌కి అర్థం ఒక్కటే. ట్యునీషియా తీరంలోని స్ఫాక్స్ నుంచి కెర్కెన్నా దీవికి వస్తున్న ఫెర్రీలో బాంబు ఉంది. ఆ ఫెర్రీలోనే అతని భార్య హస్నా ఉంది.

"ఫెర్రీని ఆపించండి సర్!"

"వాళ్ల రేడియో పలకడం లేదు. రిమోట్ సిరీన్ దగ్గరుంది. దాని రేంజ్ తక్కువ, దారి గుర్తుగా నీళ్లమీద తేలే ఆ ఎర్ర బోయా దగ్గరికి ఫెర్రీ వస్తేనే పేలుతుంది. నువ్వు తప్ప దగ్గర్లో ఎవరూ లేరు."

సిరీన్! నిన్నటిదాకా వాళ్ల ఆఫీసులోనే నవ్వుతూ తిరిగిన డబుల్ ఏజెంట్.

జుహైర్ థ్రాటిల్ పూర్తిగా తిప్పాడు. మోటారు అరిచింది కానీ పడవ సాగలేదు. ముక్కు ఆకాశంలోకి లేచి, వెనకభాగం నీళ్లలో కూరుకుపోయింది.

"గాడిద మీద ఏనుగునెక్కించావు. అదేం పరిగెడుతుందిరా?" అన్నాడు వెనక బల్ల మీదున్న చిన్నాన్న మహ్‌ఫూజ్.

"ఆ ఏనుగువి నువ్వే చిన్నాన్నా! పెట్రోలు డబ్బా తీసుకుని ముందుకెళ్లు. తడి వలలు పారెయ్!"

"నా వలలా?"

"హస్నా ఉంది అందులో!"

ముసలాయన డబ్బాతో ముందుకు జరిగాడు. వలలు నీళ్లలో పడ్డాయి. జుహైర్ ఇంజన్ ఆపి, ప్రొపెల్లర్‌కి చుట్టుకున్న నాచు పీకాడు. మోటారు వాలును పట్టి ఉంచే పిన్ను తీసి ఒక రంధ్రం లోపలికి మార్చి, మోటారును పడవ చెక్కకు దగ్గరగా దించాడు. మళ్లీ తాడు లాగాడు. ఈసారి ముక్కు దిగింది. పడవ నీటిని దున్నడం మాని, మీద జారసాగింది.

ఫెర్రీ బోయాను సమీపిస్తోంది. దానికి ఇవతల, లోతులేని నీళ్లలో సిరీన్ తెల్ల పడవ లంగరు వేసుకుని ఉంది. ఇద్దరి మధ్యా చేపల్ని దారి మళ్లించే ఖర్జూర మట్టల కంచె బారులు తీరి ఉంది. చుట్టూ తిరిగితే ఫెర్రీ దక్కదు. సిరీన్‌కి ఆ ధైర్యమే. ఈ దీవివాడెవడూ ఇంకొకరి కంచెను తాకడని ఆమెకు తెలుసు.

"ఒరేయ్, అది మీ మామగారి కంచెరా!"

"గట్టిగా పట్టుకో!"

మట్టలు ముఖానికి తగలబోయే క్షణంలో జుహైర్ మోటారును పైకెత్తేశాడు. ప్రొపెల్లర్ గాల్లో కీచుమంది. కంచె ఫెళఫెళమని విరిగింది. పడవ దూసుకుపోయి అవతల పడగానే మోటారు మళ్లీ దించాడు.

నల్ల కళ్లద్దాల వెనక సిరీన్ మొహం పాలిపోయింది. బటన్ మీదికి వేలు జారింది. తన పడవ పక్కకు చేరగానే జుహైర్ ఎగిరి ఆమె మీద పడ్డాడు. రిమోట్ నీళ్లలో మునిగింది. ఫెర్రీ హారన్ మోగించుకుంటూ బోయా దాటింది. డెక్ మీద ఎవరో ఆడమనిషి చెయ్యి ఊపింది.

"కంచె విరిచావా!" బేడీలు పడుతుంటే సిరీన్ అడిగింది. "నువ్వసలు ఈ దీవివాడివేనా?"

"అదే ప్రశ్న సాయంత్రం వీడి మామగారూ వేస్తాడమ్మా," అన్నాడు మహ్‌ఫూజ్, తేలుతున్న మట్టల్ని చూస్తూ. "కూతుర్ని కాపాడానని వీడెంత మొత్తుకున్నా సరే."