మూడోసారి మరిచిన గొడుగు

"గూడున్న కొమ్మను నరికింది మీరేనా?"

"కత్తెర నా చేతిలోనే ఉందండి. కాదంటే నమ్ముతారా?"

పార్కులో పిన్నికీ తోటమాలికీ పరిచయం అలా మొదలైంది. అక్కాబావలవి ఊళ్లు మారే ఉద్యోగాలు కావడంతో వాళ్ల ఆడపిల్లలిద్దరికీ ఇంట్లోనే చదువు చెప్పే పని పిన్నిది. రోజూ పార్కుకు వెళ్లి, కనిపించినదాన్ని బొమ్మ వేసి రాయడం అందులో ఒక పాఠం. ఆ కొమ్మ మీది సీతాకోకచిలుక గూడును పిల్లలు ఐదు రోజులుగా గీస్తున్నారు. వచ్చేవారం ఇంటి చదువు ఎలా సాగుతోందో చూడడానికి విద్యాశాఖ ఇన్‌స్పెక్టరమ్మ వస్తుంది. పుస్తకాలు ఆవిడకు నచ్చకపోతే ఇంటి చదువు బందు.

తోటమాలి చెత్తకుప్పంతా గాలించి, గూడు చెక్కుచెదరని కొమ్మను తెచ్చి, తన షెడ్డు కిటికీ దగ్గర బకెట్లో నిలబెట్టాడు. దాంతో పాఠం షెడ్డుకు మారింది. పిన్ని కోపం ఒక్కపూట కూడా నిలవలేదు, పాపం.

పిన్ని పెట్టిన నియమం ఒకటే. చూసిందే రాయాలి, అనుకున్నది రాయకూడదు. తోటమాలితో కబుర్లలో పడి చివరి పేజీలు దిద్దడం మాత్రం తనే మరిచింది.

అనుకున్న రోజున ఇంటికొచ్చిన ఇన్‌స్పెక్టరమ్మ కళ్లజోడు సర్దుకుని పెద్దదాని పుస్తకం పైకి చదివింది.

"నాలుగో తారీఖు, మబ్బు. తోటమాలి మామయ్య గులాబీకి నీళ్లు పోశాడు. పిన్ని వచ్చాక దానికే మళ్లీ పోశాడు. ఏడో తారీఖు, ఎండ. పిన్ని నవ్వితే మామయ్య చెవులు ఎర్రబడ్డాయి. తొమ్మిదో తారీఖు, చినుకులు. పిన్ని షెడ్డులో గొడుగు మరిచింది. ఇది మూడోసారి."

పిన్ని పరిస్థితి తేలు కుట్టిన దొంగలా అయింది. చదువూ పోయింది, పరువూ పోయిందనుకుంది.

"మరి దీన్నిబట్టి ఏం తేలింది? అది రాయలేదే?" అంది ఇన్‌స్పెక్టరమ్మ.

"మాకు తెలుసండి. కానీ అనుకున్నది రాయొద్దని పిన్ని చెప్పింది," అంది పెద్దది.

ఆవిడ నవ్వాపుకుంటూ కింద రాసింది: 'పరిశీలన బాగుంది. ఇంటి చదువు కొనసాగించవచ్చు.'

అప్పుడే తోటమాలి బకెట్‌తో సహా గుమ్మంలోకి వచ్చాడు. "గూడు చిట్లింది, రెక్కలు కనిపిస్తున్నాయి. పిల్లలు చూస్తారని పరిగెత్తుకొచ్చా."

అందరూ బకెట్ చుట్టూ మూగారు. తడి రెక్కలు మెల్లగా విచ్చుకున్నాయి. పిన్ని మాత్రం పెన్సిల్ తీసుకుని, పెద్దదాని పుస్తకంలో ఒక వాక్యం రాసి, తోటమాలి చేతికిచ్చింది.

'గొడుగు మరిచిపోలేదు. వదిలేశాను.'

అతను రెండుసార్లు చదువుకున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"నేనూ ఒకటి చెప్పాలండి. మీరు వదిలి వెళ్తుంటే ప్రతిసారీ చూశాను. పిలిస్తే అప్పుడే తీసుకుని వెళ్లిపోతారని పిలవలేదు. మీరు మళ్లీ రావాలని ఉండేది."

చిన్నది తన పుస్తకం తెరిచి పెన్సిల్ నాలుకకు అద్దుకుంది.

"మామయ్యా, కొంచెం నెమ్మదిగా చెప్పు. రాసుకోవాలి."