అమ్మ చేను పైమట్టి

తెల్లవారుతూనే అమ్మ టీ గ్లాసు బల్లమీద పెట్టి, పలకకుండా వంటింట్లోకి వెళ్ళిపోయింది. కొన్నాళ్ళుగా ఇదే వరస. కూతురు బొగ్గు గనిలో మట్టి పనుల సూపర్‌వైజరు. గనిని పెంచడానికి తీసుకున్న పొలాల్లో అమ్మ చేను కూడా ఉంది. ఇవాళ దాని వంతు.

బూట్లు తొడుక్కుంటుంటే వెనకనుంచి అమ్మ గొంతు వినిపించింది.

“ఆ చేను నువ్వే తవ్వించాలా? ఇవాళ్టికి సెలవు పెడితే ఏం పోయింది?”

“నేను లేకపోతే పైమట్టినీ అడుగు రాళ్ళనీ కలిపి ఒకే గుట్టగా పోసేస్తారమ్మా. ఇక దానిమీద గడ్డిపోచ కూడా మొలవదు.”

“పోయిన నేల ఎలా పోతే ఏం? నేనూ మీ నాన్నా ఒళ్ళు హూనం చేసుకుని బాగుచేసిన చేను. దానిమీదకి కన్నకూతురే మిషను తోలించిందంటే నేనెక్కడ తలెత్తుకోను?”

వాదించి వాదించి ఇద్దరూ అలిసిపోయారు. కూతురు టీ సగంలో వదిలేసి బయల్దేరింది.

మధ్యాహ్నానికి మబ్బు పట్టింది. పైమట్టి ఇంకా సగమే తీశారు. కాంట్రాక్టరు విసుక్కుంటూ వచ్చాడు.

“వానొస్తే బండ్లు దిగబడతాయి మేడం. మిగతాది రాళ్ళతో కలిపి ఎత్తించేస్తా. మట్టేగా.”

“కుదరదు. విడిగానే తీయాలి.”

“పని ఆగితే పైవాళ్ళకి మీరే చెప్పుకోవాలి.”

“చెప్పుకుంటాను.”

ఆమె వెళ్ళి మిషను ముందు నిలబడింది. డ్రైవరు ఇంజను ఆపేశాడు. కాంట్రాక్టరు కాసేపు గొణిగి, చివరికి సరేనన్నట్టు చెయ్యి ఊపాడు. మిషను మళ్ళీ కదిలింది, పైపొరను మాత్రమే గీకుతూ. అప్పుడు చూసిందామె, కంచె అవతల నిలబడి ఉన్న అమ్మను. ఎప్పుడొచ్చిందో ఏమో.

సాయంత్రానికి పైమట్టంతా కంచె పక్కన విడిగా గుట్టయింది. మిషన్లు వెళ్ళిపోయాయి. కూతురు గడ్డి విత్తనాల సంచి విప్పుతుంటే అమ్మ దగ్గరకొచ్చింది.

“ఇవెందుకు?”

“వేళ్ళు పట్టుకుంటే మట్టి వానకి కొట్టుకుపోదు. బొగ్గు తీశాక గొయ్యి పూడ్చి, ఈ మట్టే పైన పరుస్తాం.”

“ఎన్నేళ్ళకి?”

“పదిహేనేళ్ళు పట్టొచ్చు.”

“అప్పటికి నేనుండను.”

కూతురు తలెత్తలేదు. “నేనుంటానమ్మా,” అంది మెల్లగా.

అమ్మ వంగి గుప్పెడు మట్టి తీసి వేళ్ళతో నలిపింది. కళ్ళు నిండిపోయాయి. ఇన్నాళ్ళూ తన చేనుకి ఈ పిల్ల ఒక్కతే కాపలా కాస్తోందని ఇప్పటికి తెలిసొచ్చింది.

“నిన్ను ఊరికే ఆడిపోసుకున్నానే,” అంటూ చెయ్యి చాపింది. “ఇంత గుట్టా నువ్వొక్కదానివే ఎంతసేపు చల్లుతావు? ఇన్ని నా చేతిలో పొయ్యి.”