కింద వచ్చే రెండు లైన్లు

ఏజెంట్ పదిహేడుకి రిటైర్మెంట్ ఇంకా నలభై మూడు రోజులు. ఆ రోజు ఉదయం పదకొండింటికి అతను ఒక డ్రైక్లీనింగ్ షాపులో, ఏసీ మెకానిక్ వేషంలో స్టూలెక్కి నిలబడి ఉన్నాడు. అంటించిన మీసం దురద పెడుతోంది. మోకాళ్ళు సలుపుతున్నాయి. పెన్నులో దాచిన ట్రాన్స్‌మిటర్‌కి బ్యాటరీ అయిపోయి మూడు వారాలైంది. కొత్తదాని కోసం పెట్టిన ఇండెంట్ ఏ టేబుల్ మీద నిద్రపోతోందో ఆ దేవుడికే తెలియాలి.

తలుపు తోసుకుని ఒక స్త్రీ లోపలికొచ్చింది. నల్లకళ్ళద్దాలు, మెడలో సిల్కు స్కార్ఫ్, ఎత్తు మడమల చెప్పులు. ఆవిణ్ణి చూస్తూ ఇస్త్రీ మనిషి చేతిలో పెట్టెని చొక్కా మీదే మరిచిపోయాడు.

"కోటు బొత్తాం ఊడింది," అందామె.

"నల్లదారం అయిపోయింది. గోధుమరంగుది ఉంది," అన్నాడు పదిహేడు స్టూలు మీంచే.

కోడ్ కలిసింది. కలవకపోయినా గుర్తుపట్టేవాడే. పదకొండేళ్ళు కాపురం చేసిన మనిషి మరి. విదేశీ ముఠా ఫైళ్ళలోనూ, మన ఫైళ్ళలోనూ ఆమె పేరు నెమలి. డబుల్ ఏజెంట్. రెండు వైపులా నమ్మకం సంపాదించుకున్న ఆడది, కట్టుకున్నవాణ్ణి మాత్రం నమ్మించలేకపోయింది. విడాకులై ఆరేళ్ళు.

"మధ్యాహ్నం రెండింటికి మా తమ్ముడు దొరికిపోతాడు," అంది నెమలి, ఫోను చేతికిస్తూ. "ఇది చూడు."

తమ్ముడంటే పదిహేడుకి బావమరిది. ముఠా కాగితాలు అనువాదం చేసే ఉద్యోగం వదిలేసి పారిపోయి వచ్చాడు. మన డిపార్ట్‌మెంట్లలో వాళ్ళకి అమ్ముడుపోయినవాళ్ళ పేర్లన్నీ అతని బుర్రలో ఉన్నాయి. సోమవారం కోర్టులో చెప్పాలి. అందాకా ఒక రిపేరు షాపు పైన మూడో అంతస్తులో దాచారు. కింద బోర్డు చెవి మిషన్లది. లోకాన్ని నమ్మించడానికి ఆ షాపుకో వెబ్‌సైటు కూడా పెట్టారు. బావమరిదికి ఎడమకాలు కృత్రిమం. ముఠాకి ఆ సంగతి బాగా తెలుసు.

ఫోనులో సెర్చ్ పేజీ ఉంది. నెమలి వెతికిన మాటలు: కృత్రిమ కాలు, గది, లిఫ్టు, ఆ పేట పేరు. మొదటిదే మన షాపు. దాని పేరు కింద రెండు లైన్లు:

కృత్రిమ కాలు గల అతిథి సౌకర్యార్థం మూడవ అంతస్తునకు లిఫ్టు కలదు. వెనుక గేటు వాడవలెను.

పదిహేడు మీసం పీకేసి జేబులో పెట్టుకున్నాడు.

ముఠాలో బట్టతల అని ఒక కంప్యూటర్ మనిషి ఉన్నాడట. పేటల జాబితా ముందేసుకుని ఇవే మాటలతో ఒక్కోదాన్నీ వెతుకుతూ వస్తున్నాడు. భోజనం అయ్యాక రెండింటికి ఈ పేట వంతు. పక్కన కూర్చునేది నెమలే. ఈ పేట వీధుల చివర్లలో అప్పటికే మనుషుల్ని నిలబెట్టారు, తలుపు నంబరు ఒక్కటే తక్కువ. కుంటుతూ నడిచే మనిషిని వాళ్ళ కళ్ళ ముందు నుంచి తరలించలేం. పోలీసుల్ని దింపితే ఎదురుగా బడి ఉంది, పిల్లల మధ్య కాల్పులవుతాయి.

ఆఫీసుకెళ్ళేసరికి పన్నెండు. పెద్దాయన తలపట్టుకు కూర్చున్నాడు. ఎదురుగా సర్క్యులర్ గారు. ఆయన అసలు పేరు ఎవరికీ గుర్తులేదు, వెబ్‌సైట్లన్నీ ఆయన సెక్షనే. వికలాంగుల సౌకర్యాలు ప్రతి వెబ్‌సైటులోనూ ప్రకటించాలని పోయిన నెల ఒక సర్క్యులర్ వచ్చింది. దొంగ షాపులకి మినహాయింపని అందులో లేదు. వివరణ అడుగుతూ ఆయన రెండుసార్లు పైకి రాశాడు, జవాబు రాలేదు. ఉన్నది ఉన్నట్టు ప్రకటించేశాడు. "నా తప్పేముందండీ," అన్నాడు నీరసంగా. నిజమే, పాపం.

పదిహేడుకి అర్థం కానిది ఇంకోటుంది. ఆ షాపు గురించి సెర్చ్‌లో రావాల్సిన వర్ణన తనే రాశాడు. మూడు డ్రాఫ్టులు, పెద్దాయన సంతకం. చెవి మిషన్లు నమ్మకముగా బాగుచేయబడును, ఆదివారము సెలవు. దాని గతేమిటని సిస్టమ్స్ అమ్మాయిని అడిగాడు.

"మనం రాసిచ్చేది మనవి లాంటిది సార్," అందా అమ్మాయి. "వినాలని రూలు లేదు. అడిగినవాడి మాటలకి పేజీలో ఏ వాక్యం బాగా సరిపోతే దాన్నే ఎత్తి కింద పెడుతుంది. చెవి మిషన్ అని వెతికితే మీది వస్తుంది. కృత్రిమ కాలు అని వెతికితే ఈయనది వస్తుంది."

నోటీసు తీసేస్తే సరిపోదట. సెర్చ్ ఇంజన్ మళ్ళీ వచ్చి పేజీ చదువుకునేదాకా పాత ముక్కే చూపిస్తుంది. త్వరగా రమ్మని అడగొచ్చు. గంటలో రావచ్చు, వారం పట్టొచ్చు. అసలేమీ చూపించొద్దని ట్యాగ్ పెట్టినా అది మళ్ళీ వచ్చి చదవాల్సిందే. పైగా పది షాపుల్లో ఒక్కదాని పేరు కింద ఖాళీగా ఉంటే బట్టతలకి వెంటనే అనుమానం వస్తుంది.

పదిహేడు కుర్చీలో కూలబడ్డాడు. బావమరిది ప్రతి ఆదివారం ఫోన్ చేసి, "బావా, ఎలా ఉన్నావ్," అనేవాడు. విడాకులయ్యాక కూడా మానలేదు. తనని బావా అని పిలిచేది ఈ భూమ్మీద ఆ ఒక్కడే.

"దానికి నచ్చే వాక్యం మనమే ఇద్దాం," అన్నాడు.

నోటీసు తీసేసి ఇంకోటి రాశాడు: కృత్రిమ కాలు గల అతిథి గది మార్చబడినది. లిఫ్టు, వెనుక గేటు: నాలుగు, మిల్లు రోడ్డు. ఆ అడ్రసు పోలీసు కుక్కల శిక్షణ మైదానానిది. వెనక గేటుకి బోర్డు లేదు.

రాతపూర్వక ఆర్డర్ లేనిదే పాస్‌వర్డ్ ఇవ్వనన్నాడు సర్క్యులర్ గారు. పెద్దాయన సిగరెట్ పెట్టె అట్ట చింపి దాని మీద ఆర్డర్ రాసిచ్చాడు. పన్నెండున్నరకి పేజీ మారింది. త్వరగా వచ్చి చదువుకోమని సెర్చ్ ఇంజన్‌కి విన్నపం వెళ్ళింది. ఇక చేయగలిగింది ఏమీ లేదు. ఇన్నేళ్ళ సర్వీసులో అతనికి ఒంటికి పడనిది ఈ ఊరికే కూర్చోవడమే.

ఒంటిగంట. పాత లైనే. ఒకటిన్నర. పాత లైనే. రెండయింది. వెనుక గేటు వాడవలెను అంటూ అదే వెక్కిరింపు. అమ్మాయి గోళ్ళు కొరుక్కుంటూ మళ్ళీ మళ్ళీ వెతుకుతోంది. పదిహేడు గడియారం చూడటం మానేశాడు.

"మారింది సార్," అందామె.

టైము రెండూ నాలుగు. నాలుగు నిమిషాలు ఆలస్యం. పెద్దాయన అద్దాలు తీసి తుడుచుకున్నాడు.

రెండూ ముప్పైకి ఫోన్ మోగింది. కుక్కల మైదానం ఇన్‌స్పెక్టర్. వెనక గేటు నుంచి ఆరుగురు పిస్తోళ్ళతో వచ్చారట, వాళ్ళలో ముఠా నాయకుడే స్వయంగా ఉన్నాడట. ముప్పై కుక్కలు ట్రైనింగ్‌లో ఉన్నాయి. ఒక్క తూటా పేలలేదు, కానీ ప్యాంట్లు మాత్రం మిగల్లేదని ఆయన చెప్పాడు. వీధి చివర కాపలా ఉన్నవాళ్ళు ఆ కబురు విని ఎటువాళ్ళు అటు సర్దుకుంటుంటే మఫ్టీలో ఉన్న మనవాళ్ళు పట్టుకున్నారు.

సాయంత్రం నెమలి అదే డ్రైక్లీనింగ్ షాపులో కలిసింది. చెప్పులు చేత పట్టుకుని, బెంచీ మీద వెనక్కి వాలి. కళ్ళద్దాలు తీస్తే ఆమె కూడా అలిసిపోయే ఉంది.

రెండింటికి బట్టతల కీబోర్డు మీద చెయ్యి వేశాడట. ముందు రిపేరు షాపులన్నీ చూసేద్దామని ఈమె అడ్డం పడింది. చెవి మిషన్ రిపేరు అని కొట్టాడు.

"నువ్వు రాసింది వచ్చింది," అంది నెమలి. "నమ్మకముగా బాగుచేయబడును, ఆదివారము సెలవు. వాడు పైకి చదివి ఆవలించాడు. అలా షాపు తర్వాత షాపు, ఐదు నిమిషాలు. ఆ తర్వాతే కాలు గురించి వెతికాడు."

పదిహేడు ఆ ముక్క ఇంకోసారి చెప్పమన్నాడు. తన రాతని ఒకరు మెచ్చుకోవడం అదే మొదటిసారి.

"మీ తమ్ముడేమన్నాడు?"

"బావని ఆదివారం ఫోన్ ఎత్తమను అన్నాడు."

మర్నాడు టేబుల్ మీద మెమో ఉంది. సిగరెట్ అట్ట ఆర్డర్ చెల్లదు, అనుమతి లేకుండా నోటీసు మార్చినందుకు సంజాయిషీ, రెండు పంక్తులకు మించరాదు, ఇట్లు వెబ్‌సైట్ల సెక్షన్. పదిహేడు బ్యాటరీ లేని పెన్ను తీశాడు. మొదటి పంక్తిలో, మా బావమరిది బతికే ఉన్నాడు, అని రాశాడు. ఎలాగూ వాళ్ళకి కావలసిన ముక్కే ఏరుకుంటారు గనక రెండో పంక్తి రాసే శ్రమ పెట్టుకోలేదు.